నోటీసు ఇచ్చింది నేనే, తిట్లు తిన్నదీ నేనే: ఉద్యోగం మానేయమంటారా?

కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు కనుక ఆ ఆనవాళ్ళు తీసేసి, మిగిలినది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు ముప్పై మూడేళ్ళు. 2019 అక్టోబరులో గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు పరీక్ష రాసి సంక్షేమ, విద్యా సహాయకురాలిగా చేరారు. మొదట నెలకు 15,000 రూపాయల జీతం మీద పనిచేశారు. రెండేళ్ళకు పూర్తి కావలసిన ప్రొబేషను 2022 నడిమికి గానీ ఖరారు కాలేదు. భర్త భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర టెక్నీషియనుగా ఉంటూ వారానికోసారి ఇంటికి వస్తారు. ఇంట్లో రెండో తరగతి చదివే పాప, అత్తగారు ఉన్నారు. ఇంటికి తీసుకున్న అప్పు వాయిదా ఈమె జీతంలోంచే పోతుంది.

గడచిన రెండు నెలల్లో మూడు సంగతులు జరిగాయి. వికలాంగుల పింఛన్ల పునఃపరిశీలనలో వైకల్యం 40 శాతం కంటే తక్కువ అని తేలినవారికి నోటీసులు వచ్చాయి. వాటిని ఇంటింటికీ తీసుకువెళ్ళి సంతకం పెట్టించుకునే పని ఆమె మీద పడింది. ఆ ఊళ్ళో ఒక కొబ్బరి దింపు కార్మికుడు, యాభై దాటిన మనిషి, ఏళ్ళ క్రితం చెట్టు మీద నుంచి పడి కాలు పాడుచేసుకున్నాడు. నోటీసు అందించినప్పుడు అతని తమ్ముడు ఆ కాగితాన్ని ఆమె ముఖాన విసిరి, చేతిలోని ఫోను లాక్కుని, భుజం పట్టి నెట్టి, నలుగురూ వింటుండగా కాగితం మీద పెట్టలేని మాటలు అన్నాడు. ఎవరో తీసిన వీడియో సాయంత్రానికి ఊరంతా తిరిగింది. పంచాయతీ కార్యదర్శి "రేపు మళ్ళీ ఆ ఊళ్ళోనే తిరగాలి కదమ్మా, సర్దుకుపోదాం" అన్నారు. ఊరి నాయకుడొకరు తన ఇంట్లో కూర్చోబెట్టి రాజీ చేస్తానని కబురు పెట్టారు.

అదే వారంలో మండల కార్యాలయం నుంచి మెమో వచ్చింది. ఇంటింటి సర్వే పూర్తిచేయలేదని, పంపిణీ కాని పింఛను సొమ్ము గడువులోగా తిరిగి జమచేయలేదని, సంజాయిషీ ఇమ్మని అందులో ఉంది. వరదకు కాజ్‌వే మునిగి బ్యాంకుకు వెళ్ళలేకపోయానని ఆమె అంటున్నారు. పైగా ఆ నెల లెక్కలో 4,000 రూపాయలు తక్కువ వస్తే ఎవరికీ చెప్పకుండా తన డబ్బు పెట్టి సరిచేశారు. ఇప్పుడు వాట్సాప్ చప్పుడు వింటేనే గుండె దడదడలాడుతోందని, తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేస్తోందని రాశారు. మానేసి ట్యూషన్లు చెప్పుకోమని అత్తగారి మాట. ప్రభుత్వ ఉద్యోగం వదలవద్దని నాన్నగారి మాట. భర్త "నీ ఇష్టం" అంటున్నారు. రాజీనామా చేయాలా, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలా, రాజీకి వెళ్ళాలా అన్నవి ఆమె ప్రశ్నలు. అప్పీలు తేలేదాకా ఆ కార్మికుడి పింఛను కొనసాగుతోంది కనుక, వచ్చే నెల ఒకటో తారీఖున మళ్ళీ అదే ఇంటి గడప ఎక్కాలి. ఎలా వెళ్ళాలన్నది ఆఖరి ప్రశ్న.

అమ్మా, ప్రశ్నలన్నీ అయిపోయాక చివరి పేజీ అడుగున మీరు ఒక వాక్యం రాశారు: "ఆయన కాలు నేను చూశాను, నాకూ అన్యాయమే అనిపించింది, అయినా నోటీసు ఇచ్చింది నేనే." నా సమాధానాన్ని అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. భయం కంటే, అలసట కంటే ఈ వాక్యమే మిమ్మల్ని ఎక్కువగా కుంగదీస్తోందని నాకు అనిపించింది. దానికి జవాబు దొరకకుండా ఉద్యోగం వదిలినా ఆ బరువు మీతోపాటే ఇంటికి వస్తుంది.

ఆ శాతాన్ని మీరు లెక్కకట్టలేదు. వైకల్యాన్ని కొలిచేది వైద్యులు. కొలిచే పద్ధతి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో ఉంది. 40 శాతం అనే గీత 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉంది. పింఛను ఇవ్వాలా ఆపాలా అన్న నిర్ణయం మీ లాగిన్ దాకా వచ్చేసరికే అయిపోయి ఉంటుంది. కొబ్బరి చెట్టు ఎక్కి బతికినవాడికి ఆ కాలు పోతే బతుకుతెరువు మొత్తం పోయినట్టే. వైద్యుల కొలతలో మాత్రం అది ఒక కీలు ఎంతవరకు వంగుతుందన్న అంకె. ఈ రెండింటి మధ్య దూరాన్ని మీరు కళ్ళారా చూశారు, అందుకే అన్యాయం అనిపించింది. అలా అనిపించడం మీ ఉద్యోగానికి విరుద్ధమేమీ కాదు. కల్లుగీత కార్మికులకు 50 ఏళ్ళకే పింఛను ఇచ్చే వర్గం ఒకటుంది. అదే ఎత్తున, అదే ప్రమాదంతో పనిచేసే కొబ్బరి దింపు కార్మికుడికి అలాంటి వర్గం లేదు. కోనసీమలో ఈ మాట అడగవలసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అడిగించుకోవలసిన స్థానం మాత్రం మీది కాదు.

అయితే మీ చేతిలో ఏమీ లేదని అనుకుంటే అదీ నిజం కాదు. సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసుకునే హక్కు ఆ చట్టంలోనే ఉంది. నోటీసు ఇచ్చేటప్పుడు "మీరు సంతకం పెట్టండి" అని చెప్పి వచ్చేయవచ్చు. లేదా "దీని మీద మళ్ళీ పరీక్షకు దరఖాస్తు చేసుకోవచ్చు, వైకల్య శాతం తెలిపే పాత సదరం సర్టిఫికెట్, ఆసుపత్రి కాగితాలు, ఎక్స్‌రేలు తెచ్చుకోండి, దరఖాస్తు నేను రాసిపెడతాను" అని కూడా చెప్పవచ్చు. ఎదుటి మనిషికి ఈ రెండు మాటల మధ్య చాలా తేడా ఉంటుంది. మీరు రెండోది చెప్పే అవకాశం ఆ రోజు ఆ తమ్ముడు ఇవ్వలేదు. ఇకముందు నోటీసుతోపాటు అప్పీలు దరఖాస్తు నమూనా కూడా పట్టుకువెళ్ళండి. కొన్ని ఇళ్ళల్లో అదే మిమ్మల్ని కాపాడుతుంది. కొన్ని ఇళ్ళల్లో కాపాడకపోవచ్చు, ఆ సంగతి కూడా చెప్పి ఉంచుతున్నాను.

మీ సచివాలయంలో అందరి మీదా ఇదే తీరున కోపం వచ్చిపడుతోంది. మూడు వందల యూనిట్ల కరెంటు దాటిందని ఒకరి దరఖాస్తు పోతుంది. తీరా చూస్తే ఆ మీటరు ఎప్పుడో కౌలుకిచ్చిన చేపల చెరువుది, ఆధార్ మాత్రం ఈ ముసలాయనది. కారుందని ఒకరిది, ఆదాయపు పన్ను కట్టారని ఒకరిది పోతుంది. పీచు పనిలోనో, కొబ్బరికాయల ఒలుపులోనో చేతులరిగిపోయిన మనిషికి వేలిముద్ర పడదు. కొడుకో కూతురో కువైట్‌లో, మస్కట్‌లో ఉండగా ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దావిడ ఈకేవైసీ అంటే ఏమిటని మిమ్మల్నే అడుగుతుంది, కోపం వస్తే మిమ్మల్నే తిడుతుంది. నిర్ణయం చేసిన గది ఆమెకు కనిపించదు, మీ బల్ల కనిపిస్తుంది. 50 ఇళ్ళకు ఒకరు చొప్పున తిరిగిన వాలంటీర్లను 2024 ఎన్నికల ముందు పింఛన్ల పంపిణీ నుంచి తప్పించారు. అదే ఏడాది జూలై 1 నుంచి ఇంటింటి పంపిణీ పూర్తిగా సచివాలయ ఉద్యోగుల చేతికి వచ్చింది. బల్ల దగ్గరి పని అలాగే ఉండగా గడప దగ్గరి పని వచ్చి చేరింది. మీ అలసటకు మీ చేతకానితనం కారణం కాదని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఇక దాడి సంగతి. మీ కార్యదర్శిగారు దాన్ని "గొడవ" అన్నారని రాశారు. విధి నిర్వహణలో ఉన్న ఉద్యోగిని అడ్డుకోవడానికి ఒంటి మీద చేయి వేయడం భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షను కింద నేరం, రెండేళ్ళ దాకా శిక్ష ఉంది. స్త్రీని అవమానపరిచే మాటలకు 79వ సెక్షను ఉంది. మీ సామాజిక వర్గం మీరు రాయలేదు. మీరు ఎస్సీ లేదా ఎస్టీ అయి, అతను ఆ వర్గాలకు చెందనివాడై, ఆ మాటల్లో కులం పేరు కూడా ఉంటే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. ఫిర్యాదును ఏ స్టేషనులోనైనా తీసుకోవాలి. మా పరిధి కాదని తిప్పి పంపకూడదు.

మీరు ఫిర్యాదు ఇస్తే ఏమవుతుందో ముందే తెలుసుకోండి. శిక్ష ఏడేళ్ళ లోపు నేరం కనుక సాధారణంగా నోటీసు ఇచ్చి విచారిస్తారు, మర్నాడే అరెస్టవుతాడని అనుకోవద్దు. మీరు వాంగ్మూలం ఇవ్వాలి, తర్వాత కోర్టుకు తిరగాలి. అది ఒకటి రెండు నెలల్లో తేలే పని కాదు. 132వ సెక్షను కింద కేసు ఇరుపక్షాలూ మాట్లాడుకుని వెనక్కి తీసుకునే రకం కాదు. తర్వాత మీరే వద్దనుకున్నా హైకోర్టు దాకా వెళ్ళి కొట్టేయించుకోవాలి. ఊళ్ళో ఒక కుటుంబం మీతో మాట్లాడటం మానేస్తుంది, ఆ కుటుంబం వెనుక ఇంకో పది ఇళ్ళు ఉండవచ్చు. మరోవైపు, వీడియో చూసిన ప్రతివాడికీ సచివాలయం అమ్మాయి మీద చేయి వేస్తే ఏమీ కాదన్న సంకేతం వెళ్ళకుండా ఆగుతుంది. మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునే ఆడపిల్లకు కూడా అది రక్షణ. ఈ రెండు బరువుల్లో ఏది ఎక్కువో మీకు తెలిసినంతగా నాకు తెలియదు.

రాజీ అన్న మాటను నేను పూర్తిగా తోసేయను. గోదావరి లంకల్లో మనుషులు ఒకరినొకరు తప్పించుకుని బతకలేరు; వరద వచ్చినప్పుడు మిమ్మల్ని పడవ ఎక్కించేది బహుశా ఆ ఇంటివాళ్ళే. కానీ నాయకుడి ఇంట్లో జరిగే రాజీకి మీరు వెళ్ళవద్దని గట్టిగా చెబుతాను. అక్కడికి వెళితే మీకు జరిగినదాన్ని ఆయన తీర్చినట్టు అవుతుంది. రేపు అనర్హుడి పేరొకటి పట్టుకుని ఆయనే మీ దగ్గరికి వస్తారు, అప్పుడు కాదనడం మీకు కష్టమవుతుంది. రాజీ జరిగితే సచివాలయంలోనే, పని వేళల్లో, కార్యదర్శి, మహిళా పోలీసు సమక్షంలో జరగాలి. నలుగురి ముందు అన్న మాటలకు నలుగురి ముందే క్షమాపణ చెప్పాలి, అది కాగితం మీద ఉండాలి, వీడియో తిప్పినవాళ్ళు తీసేయాలి. దీనికి ఒప్పుకోని కుటుంబం రాజీ కోరుకుంటోందని నేను నమ్మను.

ఫిర్యాదైనా, రాజీ అయినా, ఏదీ వద్దనుకున్నా, ఒక పని మాత్రం ఈ వారంలోనే చేయాలి. జరిగిన రోజు, వేళ, చోటు, అక్కడున్నవారి పేర్లు, అతను అన్న మాటలు అన్నట్టుగానే రాసి, ఎంపీడీఓకు ఒక ప్రతి, మీ మాతృశాఖ అయిన సాంఘిక సంక్షేమ శాఖ జిల్లా అధికారికి ఒక ప్రతి ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. వీడియో మీ దగ్గర కూడా భద్రపరచండి. ఇప్పటికిప్పుడు పోలీసు స్టేషను మెట్లెక్కే ధైర్యం లేకపోవచ్చు. రెండు నెలలు ఆగి ఎక్కితే మొదటి ప్రశ్న "ఇన్నాళ్ళూ ఏం చేశారు" అని. ఆ ప్రశ్నకు ఈ కాగితమే జవాబు. ఆలస్యం పూర్తిగా పూడుతుందని చెప్పను, కానీ ఏమీ లేకపోవడం కంటే ఎంతో మేలు.

మెమోను చూసి మీరు అనుకున్నంత భయపడనక్కరలేదు, కానీ తేలికగా తీసుకోవద్దు. సంజాయిషీ అడిగే మెమో శిక్ష కాదు. ఉద్యోగుల క్రమశిక్షణకు సంబంధించిన 1991 నాటి సీసీఏ నియమాల ప్రకారం చిన్న శిక్ష వేయాలన్నా ముందు మీ వివరణ తీసుకోవాలి, పెద్ద శిక్షకైతే విచారణ జరపాలి. జవాబివ్వకుండా ఉంటేనే మీ పక్షం లేకుండా ఫైలు ముందుకు పోతుంది. గడువు సరిపోకపోతే ఇంకొంత గడువు కోరుతూ రాయండి, అది కూడా జవాబే. సర్వే విషయంలో మీ క్లస్టర్లో, అంటే మీకు అప్పగించిన ఇళ్ళలో, మొత్తం ఇళ్ళెన్ని, తాళం వేసినవెన్ని, విదేశాల్లో ఉన్నవారెందరు, ఏ ఏ రోజుల్లో మిమ్మల్ని వేరే విధులకు పంపారు అన్నవి తేదీలతో పెట్టండి. ఎవరినీ నిందించవద్దు. "నాకు మాత్రమే ఎందుకు" అన్న మాట రాయవద్దు, అది న్యాయమైన ప్రశ్నే అయినా మెమోకు జవాబు కాదు. కాజ్‌వే ఏ రోజు నుంచి ఏ రోజు వరకు మునిగి ఉందో రెవెన్యూవారి దగ్గర నమోదు ఉంటుంది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది ఇచ్చిన తేదీలు బహిరంగ సమాచారమే. అవి మీ వివరణలో ఒక్క వరుసలో ఉంటే, జమ ఆలస్యానికి అంతకంటే బలమైన సాక్ష్యం అక్కరలేదు.

ఆ 4,000 రూపాయల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మీరు దాన్ని రెండు వరుసల్లో దాటేశారు. ఒక వృద్ధాప్య పింఛను మొత్తం అది. బహుశా బ్యాంకు కట్టలో తక్కువొచ్చి ఉండవచ్చు, తొందరలో ఒక ఇంటికి రెండుసార్లు ఇచ్చి ఉండవచ్చు, యాప్‌లో వేలిముద్ర పడ్డాక మీరు మరో ఇంటి మాటల్లో పడి ఉండవచ్చు. ఒకటో తారీఖున పొద్దు పొడవకముందే బయలుదేరి, ఇల్లిల్లూ తిరిగి, నగదు సంచీ భుజాన వేసుకుని పడవ దాటే మనిషి లెక్కలో తేడా రావడం వింత కాదు. మీరు సొంత డబ్బు పెట్టడం మీ నిజాయితీకి గుర్తు, అందులో నాకు సందేహం లేదు. కానీ ప్రభుత్వ సొమ్ము లెక్కలో కాగితం మీద లేని నిజాయితీని ఎవరూ చూడరు. తేడా ఉన్నట్టు ఏ నమోదూ లేదు, పూడ్చినట్టూ లేదు. రేపు ఎవరైనా పింఛను అందలేదని ఫిర్యాదు చేస్తే మీ దగ్గర చూపడానికి ఏమీ ఉండదు. అంతకంటే పెద్ద చిక్కు, సొమ్ము ఆలస్యంగా జమ అయిందన్న మాటా, లెక్కలో తేడా వచ్చిందన్న మాటా ఎప్పుడైనా పక్కపక్కన చేరితే, ప్రభుత్వ సొమ్ము తాత్కాలికంగా వాడుకున్నారన్న అనుమానం పుట్టడం. ఉద్యోగి మీద అంతకంటే చెడ్డ అనుమానం లేదు.

ఇక్కడ మీ ముందు రెండు దారులున్నాయి. మెమో జవాబులోనే తేడా సంగతి చెప్పేస్తే నిజం మొదట మీ నోటనే వస్తుంది, అదే సమయంలో వాళ్ళు అడగని ప్రశ్న ఒకటి తెరిచినట్టూ అవుతుంది. జవాబును అడిగినదానికే పరిమితం చేసి, తేడా వచ్చిన తేదీ, పూడ్చిన విధం వివరిస్తూ కార్యదర్శికి వేరుగా ఒక ఉత్తరం ఇస్తే నమోదు ఏర్పడుతుంది, రెండు విషయాలూ కలిసిపోవు. నాకు రెండోదే మేలనిపిస్తోంది. అయినా సంతకం పెట్టేముందు మీ సంఘంలో సర్వీసు నియమాలు తెలిసిన పెద్దకో, న్యాయవాదికో ఆ రెండు కాగితాలూ చూపించండి. ఇకముందు బ్యాంకు కౌంటరు దగ్గరే తోటి ఉద్యోగి ఎదుట కట్టలు విప్పి లెక్కపెట్టకుండా బయటికి రావద్దు. వెనుక వరుస పెరిగినా, మేనేజరు విసుక్కున్నా సరే. ఏ నోట్లు ఎన్నో ఒక చీటీ మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. సాయంత్రం తేడా వస్తే ఆ సాయంత్రమే రాసి ఇవ్వండి.

రాజీనామా ప్రశ్నను నేను చివరికి ఉంచింది అది చిన్నదని కాదు. నిద్రలేని మనిషి, మెమో మీద గడువు తరుముతుండగా, వీడియో ఊళ్ళో తిరుగుతుండగా ఆ నిర్ణయం తీసుకోకూడదు. తీసుకుంటే అది ఉద్యోగం గురించిన నిర్ణయం అవదు, ఈ రెండు నెలల నుంచి పారిపోవడం అవుతుంది. ముందు మీ ఆరోగ్యం చూసుకోండి. గుండె దడ, తెల్లవారుజామున మెలకువ ఇన్ని వారాలుగా ఉంటే వైద్యుడికి చూపించవలసినవే. అమలాపురమో, కాకినాడో వెళ్ళడం కుదిరేలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ వారి 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. ఇది బలహీనత అని అత్తగారు అనవచ్చు. పాప తల్లి నిద్రపోవడం ఆ ఇంటికి ఎంత అవసరమో ఆవిడకు చెప్పే పని మీ భర్తది.

సెలవు ఒక దారి. మహిళా ఉద్యోగులకు శిశు సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 180 రోజులు ఉంది, విడతలుగా వాడుకోవచ్చు. జీతం వస్తుంది, వాయిదా ఆగదు. అయితే మంజూరు చేసేది అధికారి కనుక అడిగిన రోజే దొరుకుతుందని లేదు, మెమో పెండింగులో ఉండగా అడిగితే తప్పించుకుంటున్నారని అనుకునే ప్రమాదమూ ఉంది. అందుకే ముందు జవాబు, తర్వాత సెలవు దరఖాస్తు. అనారోగ్యానికి వైద్యుడి సర్టిఫికెట్ మీద పెట్టే సెలవు వేరు. అది అవసరమైతే మెమో కోసం ఆగవద్దు.

బదిలీ ఇంకో దారి. మీ సమస్యలో ఆ ఊరి వాటా ఎంతో, ఉద్యోగం వాటా ఎంతో మీరే తేల్చుకోవాలి. అదే జిల్లాలో వేరే మండలానికి మారితే ఆ గడపా, ఆ వీడియో వెనకబడతాయి, ఒకటో తారీఖు పనీ రాత్రిపూట మెసేజీలూ మీతోనే వస్తాయి. భీమవరం వైపు వెళ్ళాలంటే అది వేరే జిల్లా, మీ భర్తది ప్రైవేటు ఉద్యోగం కనుక దంపతుల కారణం సాధారణంగా వర్తించదు. వేరే జిల్లా నుంచి ఇటు రావాలనుకునేవారు దొరికితే పరస్పర బదిలీకి ప్రభుత్వం అనుమతించే సమయాల కోసం చూడవచ్చు. అది మీ చేతిలో లేని ఎదురుచూపు.

రాజీనామాకే వస్తే, దాని ఖర్చు ఇది. రాజీనామాతో గత సర్వీసు పోతుంది, మళ్ళీ చేరాలనుకున్నా కొత్త పరీక్ష, కొత్త ప్రొబేషను. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన మీకు వర్తించేది సీపీఎస్, అంటే జీతంలోంచి వాటా కట్టే పింఛను పథకం. మధ్యలో బయటికి వస్తే, ఖాతాలో ఉన్నది మరీ చిన్న మొత్తం కాకపోతే, కనీసం 80 శాతం, విడతలుగా పింఛను ఇచ్చే యాన్యుటీ కొనడానికే పోతుంది, చేతికి మిగిలేది కొంతే. ఆరోగ్య పథకం కార్డు పోతుంది. ట్యూషన్ల ఆదాయం మీ ఊళ్ళో వాయిదాకు సరిపోతుందా అన్నది అత్తగారితో, భర్తతో కూర్చుని అంకెలు వేసుకోవలసిన విషయం. "నీ ఇష్టం" అన్న మాట ప్రేమతో అన్నదే కావచ్చు, కానీ వాయిదా ఇద్దరిదీ కనుక ఇష్టమూ ఇద్దరిదే కావాలని ఆయనతో చెప్పండి. ఇంకో రకంగా వదలడం కూడా ఉంది. డీఎస్సీయో, గ్రూపు పరీక్షో, మరొకటో మీ శాఖ అనుమతితో రాసి, అందులో ఎంపికై, ఆ ఉద్యోగంలో చేరడానికి రాజీనామా చేస్తే గత సర్వీసు కొనసాగుతుంది. దానికి చదువుకునే వేళ కావాలి, అది మీ దగ్గర ఇప్పుడు లేదు. సెలవు ఏ కారణంగా తీసుకోవాలో ఆలోచించేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

రాత్రిపూట మెసేజీల గురించి మీరు ఒక్కరే ఏదీ చేయవద్దు. ఒక్కరు జవాబివ్వకపోతే నిర్లక్ష్యం అంటారు. సచివాలయంలో ఉన్నవారంతా సంతకాలు చేసి, రాత్రి ఎనిమిది తర్వాత వచ్చిన సూచనలను మర్నాడు పని వేళకు అమలుచేస్తామని, వరద, తుపాను, ప్రాణాపాయం వంటివి మాత్రం ఎప్పుడైనా చూస్తామని మర్యాదగా రాసి ఇస్తే, దాన్ని తప్పుపట్టడం కష్టం. గోదావరి రెండో హెచ్చరిక దాటిన రాత్రి మీరు గంటలు లెక్కపెట్టరని ఆ మండలంలో అందరికీ తెలుసు. ఇంటి ఫొటో మళ్ళీ తీసి అప్‌లోడ్ చేయమన్న సందేశానికీ, దానికీ తేడా ఉందని పై అధికారులకు తెలియనిదేమీ కాదు. వాళ్ళకూ పైనుంచి శాతాల ఒత్తిడి ఉంది. అయినా ఆ ఒత్తిడంతా కింద మెట్టు మీద ఉన్న మనిషి నిద్రలోంచి తీర్చుకోవడం తప్పు. ఆ మాట మీ సంఘాలు ఎంత గట్టిగా అడిగినా నేను వాళ్ళ పక్షమే.

ఇక ఒకటో తారీఖు. ఆ ఇంటిని ఈ నెలకు తోటి ఉద్యోగి క్లస్టర్లోకి మార్చమని మీరు ఇవ్వబోయే నివేదికలోనే కోరవచ్చు. దాడి జరిగిన ఇంటికి ఒంటరిగా పంపవద్దని అడగడం మీ హక్కు. అలా మారిస్తే మీకు ఊపిరి అందుతుంది. ఆ ఇంటికీ మీకూ మధ్య మౌనం మాత్రం ఇంకొన్నాళ్ళు సాగుతుంది. మారకపోతే, లేదా మీరే వెళ్ళాలనుకుంటే, మహిళా పోలీసును వెంటబెట్టుకుని, పగటి వెలుగులో, మిగతా ఇళ్ళు సగం అయ్యాక వెళ్ళండి. పింఛను ఆ అన్నగారి చేతికే ఇవ్వండి, తమ్ముడితో మాట పెంచవద్దు. అప్పీలు దరఖాస్తు ఇంకా పెట్టకపోతే కాగితం మీ సంచీలో ఉండాలి. ఆ కాలు పరీక్షకు ఏ రోజు, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో తేదీ తెలిసి ఉంటే అదీ చెప్పి, సంతకం తీసుకుని, తర్వాతి ఇంటికి వెళ్ళండి.